రైడ్ బుకింగ్ దొరకట్లేదా? తప్పు యాప్‌దా, మనదా ముందు తేల్చుకోండి

మా అక్క వాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు. ఫ్లోరిడాలోని ఓర్లాండో డిస్నీ వరల్డ్ పార్కులకి వెళ్తున్నారంటే రైడ్లు బుక్ చేసే పని విజయవాడ పటమటలో ఉన్న నాకు పడుతుంది, ఎందుకంటే అక్కడ పొద్దున్న ఏడంటే పిల్లల్ని స్కూల్ బస్సెక్కించే హడావుడి, మనకేమో సాయంత్రం టీ టైమ్. అలా రెండు ట్రిప్పులు చేసిపెట్టాక ఇప్పుడు గుంటూరు నుంచి, తెనాలి నుంచి చుట్టాల్లో ఎవరు అమెరికా వెళ్తున్నా నాకే ఫోన్ చేస్తున్నారు. అందరి గొడవా ఇంచుమించు ఒకటే. చెప్పిందే చెప్పలేక ఇది రాస్తున్నా. రైడ్ బుకింగ్ అంటే ఏం లేదు, డిస్నీ యాప్‌లో డబ్బు కట్టి ఒక్కో రైడ్‌కి ఒక గంట టైమ్ (స్లాట్) ముందే తీసుకోవడం, ఆ గంటలో వెళ్తే మామూలు లైన్లో కాకుండా పాస్ లైన్లో పంపిస్తారు.

ముందు ఒక సంగతి తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. రైడ్ గంటకు ఎంతమందిని ఎక్కించుకోగలదో అంతమందినే ఎక్కించుకుంటుంది. బుకింగ్ పెట్టినందుకు సీట్లు పెరగవు, ఎవరు ముందు ఎవరు వెనక అన్నదే మారుతుంది. తిరుమలలో 300 రూపాయల టికెట్ ఉన్నా క్యూలో నిలబడటం తప్పదు కదా, ఇదీ అంతే. కాబట్టి కింద చెప్పేవాటిలో కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని ఎవరి చేతిలోనూ లేనివి. రెండో రకం వాటి మీద బీపీ పెంచుకోవద్దు.

"వీడియోలో చెప్పిన ఆప్షన్ యాప్‌లో లేదు"

మీరు చూసిన వీడియో పాతది. 1999లో మొదలైనప్పుడు ఈ బుకింగ్ పేరు ఫాస్ట్‌పాస్, ఉచితం, మెషీన్ దగ్గరికెళ్తే కాగితం చీటీ వచ్చేది. 2021లో దాన్ని తీసేసి డబ్బులు కట్టే జీనీ ప్లస్ తెచ్చారు. 2024 జూలై 24 నుంచి పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. బాగా గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్లకి విడిగా సింగిల్ పాస్ కొనాలి, అది మల్టీ పాస్‌లో కలవదు. మన తెలుగు వ్లాగుల్లో చాలావాటిలో ఇంకా జీనీ ప్లస్ అనే ఉంటుంది. అలాగే "పార్కు రిజర్వేషన్ తప్పనిసరి" అని ఎవరైనా భయపెడితే, డిస్నీ వరల్డ్‌లో తేదీ వేసిన మామూలు టికెట్లకి అది 2024 జనవరి 9 నుంచే లేదు. వీడియో పెట్టిన తేదీ చూడండి, 2024 జూలై కంటే ముందుదైతే వదిలేయండి.

"సరిగ్గా టైమ్‌కి తెరిచాను, అయినా అన్నీ అయిపోయాయి"

ఎక్కువ ఫోన్లు దీని గురించే. కారణాలు మూడు, మూడూ ఒక్కలా కనిపిస్తాయి.

మొదటిది గడియారం. బుకింగ్ తెరుచుకునేది ఓర్లాండో టైమ్ పొద్దున్న 7కి. మనకది వేసవిలో సాయంత్రం 4:30, చలికాలంలో 5:30, ఎందుకంటే వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. డిసెంబర్ ట్రిప్‌కి 5:30కి చేశాను, అదే లెక్కలో మార్చి ట్రిప్‌కి కూడా అలారం పెట్టుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను. తీరా చూస్తే ఆ ముందు ఆదివారమే గడియారం మారిపోయింది, బుకింగ్ మొదలై గంట దాటింది. మంచివన్నీ రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో మిగిలాయి. అక్క ఏమీ అనలేదు గానీ బావ మాత్రం ఇప్పటికీ "టైమెంతయిందోయ్?" అని అడుగుతుంటాడు. డాలస్‌లో ఉన్నవాళ్ళయితే వాళ్ళ గడియారంలో అది పొద్దున్న 6, కాలిఫోర్నియా వాళ్ళకి తెల్లవారుజామున 4. ఫోన్లోని వరల్డ్ క్లాక్‌లో ఓర్లాండో టైమ్ పెట్టుకోండి, నోటి లెక్కలు వద్దు.

రెండోది హోటల్. డిస్నీ సొంత హోటళ్ళలో దిగేవాళ్ళకి 7 రోజుల ముందే తెరుస్తారు, పైగా ఉండబోయే రోజులన్నిటికీ (14 రోజుల దాకా) ఒకేసారి చేసుకోవచ్చు. బయట హోటల్లో దిగితే ఒక్కో పార్కు రోజుకి 3 రోజుల ముందు మాత్రమే. అంటే మనం క్యూలోకి వచ్చేసరికి నాలుగు రోజులుగా వేరేవాళ్ళు ఏరుకుంటూనే ఉన్నారు. ఇది యాప్ లోపం కాదు, రూల్. హోటల్ ఖర్చు లెక్కేసేటప్పుడే దీన్నీ కలుపుకోండి.

మూడోది గిరాకీ, దీనికి చిట్కా ఉంది. స్లింకీ డాగ్ డాష్ లాంటివి వెంటనే అయిపోవడం మామూలే, కానీ జనం ప్లాన్లు మార్చుకుంటూనే ఉంటారు, వదిలేసినవి తిరిగి వస్తుంటాయి. అందుకని ముందు ఏదో ఒక టైమ్ పట్టుకోండి, రాత్రి 8 అయినా సరే. తర్వాత దాన్ని క్యాన్సిల్ చేయకుండా మార్పు ఆప్షన్‌లోకి వెళ్ళి చూస్తూ ఉండండి. కొత్త టైమ్ ఖాయం చేసేదాకా పాతది మీ దగ్గరే ఉంటుంది. క్యాన్సిల్ చేసి కొత్తది వెతుక్కుందాం అనుకుంటే ఉన్నదీ పోతుంది. తత్కాల్ టికెట్లకి అలవాటు పడ్డ మనకి ఈ ఓపిక ఉండాలి మరి!

"రెండు పెద్ద రైడ్లు తీసుకోనివ్వట్లేదు"

ముందుగా మూడే ఇస్తారు. యానిమల్ కింగ్‌డమ్ పార్కు తప్ప డిస్నీ వరల్డ్‌లోని మిగతా పార్కుల్లో రైడ్లని రెండు గ్రూపులు చేశారు, పెద్దవాటి గ్రూపులోంచి ఒకటి, రెండోదాంట్లోంచి రెండు. ఎన్నిసార్లు నొక్కినా అంతకుమించి రాదు. అయితే ఆ మూడింట్లో ఏదో ఒకటి వాడేయగానే నాలుగోది తీసుకోవచ్చు, అప్పుడు గ్రూపుల పట్టింపు ఉండదు. అందుకే మొదటి స్లాట్ ఎంత పొద్దున్నే పెట్టుకుంటే అంత మంచిది. రైడ్ చిన్నదైనా పర్లేదు, అది తాళం చెవి అనుకోండి. మూడూ మధ్యాహ్నం తర్వాతకి పెట్టుకుని పొద్దున్నంతా ఊరికే తిరిగే కుటుంబాలే డబ్బులు దండగ అని తిడుతుంటాయి. ఒక రైడ్‌కి రోజుకి ఒక్కసారే వస్తుందని కూడా పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

"నలుగురం వెళ్తున్నాం, ఇద్దరి పేర్లే కనిపిస్తున్నాయి"

మిగతా ఇద్దరి పార్కు టికెట్లు మీ అకౌంట్‌కి కలపలేదు, లేదా వాళ్ళ టికెట్ వేరే తేదీది. అమ్మానాన్నల టికెట్లు అబ్బాయి ఒకచోట, కోడలు ఇంకోచోట కొన్నప్పుడు ఇలా అవుతుంది. వారం ముందే అందరివీ ఒక్క అకౌంట్లో కలిపేయండి. ఏడు గంటలకి కూర్చుని కలుపుతానంటే ఆ పది నిమిషాల్లో స్లాట్లు పోతాయి. మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్టూ అక్కర్లేదు, పాసూ అక్కర్లేదు.

"డబ్బులు కట్టే దగ్గర ఆగిపోతోంది"

ఇక్కడి కార్డుతో కడుతుంటే కార్డులో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది, బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసి పరిమితి పెట్టుకోవాలి. మా పిన్ని కార్డు మూడుసార్లు ఆగిపోతే పార్కు వాళ్ళని తిట్టుకుంటూ కూర్చున్నాం, చివరికి చూస్తే ఇదే. అక్కడికి వెళ్ళాక బ్యాంకు మెసేజ్ రావాలంటే మీ నంబర్‌కి రోమింగ్ ఉండాలి, గన్నవరంలో విమానం ఎక్కకముందే చూసుకోండి. అన్నిటికంటే సులువు, అమెరికాలో ఉన్న కొడుకుదో కూతురిదో కార్డు ముందే అకౌంట్లో సేవ్ చేసి పెట్టడం.

"రైడ్ గేటు దగ్గర నీలం లైటు వెలిగి ఆపేశారు"

మీ గంట టైమ్ ఇంకా రాలేదు, లేదా దాటిపోయింది. 5 నిమిషాలు ముందు, 15 నిమిషాలు తర్వాత అయితే మామూలుగా వదిలేస్తారు, దాని మీదే ఆధారపడి ప్లాన్ వేసుకోవద్దు. మనవాళ్ళ దగ్గర అసలు కారణం భోజనం. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిచి, అందరికీ పెట్టి, చేతులు కడుక్కుని, ఫొటోలు దిగి బయల్దేరేసరికి నలభై నిమిషాలు పోతాయి, పార్కు ఆ చివరి నుంచి ఈ చివరికి నడక ఇంకో ఇరవై. రెండు స్లాట్ల మధ్య కనీసం గంటన్నర వదలండి.

"టైమ్‌కి వెళ్ళాం, రైడ్ ఆగిపోయింది"

అక్కడే నిలబడొద్దు. మీ టైమ్‌లో రైడ్ పనిచేయకపోతే పాస్ దానంతటదే మారిపోతుంది, ఆ రైడ్ మళ్ళీ మొదలయ్యాక గానీ యాప్ చూపించే వేరే కొన్ని రైడ్లకి గానీ పార్కు మూసేలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. నిజం చెప్పాలంటే టైమ్ పట్టింపు లేదు కాబట్టి అది మామూలు పాస్ కంటే మేలు.

"డబ్బు కట్టి కూడా ఇరవై నిమిషాలు నిలబడ్డాం"

దీనికి మందు లేదు. పాస్ లైనూ, మామూలు లైనూ రైడ్ దగ్గరకొచ్చాక ఒకటిగా కలుస్తాయి. అక్కడున్న మనిషి పాస్ వాళ్ళని ఎక్కువమందిని, మామూలు వాళ్ళని తక్కువమందిని వదులుతాడు. అంతకుముందు రైడ్ గంట ఆగి ఉంటే పాస్ వాళ్ళే పేరుకుపోతారు, అప్పుడు మీకూ ఆలస్యం. దసరాకి ఇంద్రకీలాద్రి ఎక్కినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పక్క లైన్లో గంటన్నర నుంచి నిలబడ్డవాళ్ళ మొహాలు చూస్తే మన ఇరవై నిమిషాలు చిన్నవిగా కనిపిస్తాయి, అలాగని నాకు కోపం రాకుండా ఉండదు.

ఇవన్నీ ఫ్లోరిడా లెక్కలు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో గేటు దాటి లోపలికి వెళ్ళాకే రైడ్ టైమ్‌లు తీసుకోగలరు, కాబట్టి వారం ముందు అలారాలు అక్కర్లేదు. యూనివర్సల్ అనే వేరే పార్కుల వాళ్ళ ఎక్స్‌ప్రెస్ పాస్‌కి అసలు టైమ్ స్లాట్లే లేవు, ఖరీదు ఎక్కువ, తలనొప్పి తక్కువ. పెద్దవాళ్ళతో వెళ్తే నేను అదే చెప్తాను.

"పాస్ ఉంది, పిల్లాణ్ణి ఎక్కనివ్వలేదు"

యాప్ మీ పిల్లాడి ఎత్తు అడగదు, బుకింగ్ ఇచ్చేస్తుంది, కొలిచేది రైడ్ దగ్గర. స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాలు, అంటే దాదాపు 112 సెంటీమీటర్లు. ట్రాన్‌కి 48, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38. బయల్దేరే ముందు ఇంట్లో గోడకి నిలబెట్టి కొలవండి, స్కూల్ రిపోర్ట్‌లో రాసింది నమ్మొద్దు. మా మేనల్లుడు ఒక్క అంగుళం తక్కువై ఏడుపు లంకించుకున్నాడు. అప్పుడు అడగాల్సిన మాట "రైడర్ స్విచ్". ఒకరు పిల్లాడితో బయట ఉంటే మిగతావాళ్ళు ఎక్కి వస్తారు, తర్వాత బయట ఉన్నవాళ్ళు మళ్ళీ పెద్ద క్యూలో నిలబడకుండా వెళ్ళొచ్చు. ఈ మాట మనం రైడ్ ముందున్న వాళ్ళని అడగాలి, లైన్లోకి వెళ్ళకముందే. అక్కా బావా ఇద్దరూ అలాగే ఎక్కారు, ఆ టైమ్‌లో వాడు ఐస్‌క్రీమ్ రెండుసార్లు తిన్నాడు.

ఇక మధ్యాహ్నం రెండుకల్లా ఫోన్ చచ్చిపోతే పైన చెప్పినవేవీ పనికిరావు. పవర్ బ్యాంక్ ఒకటి కాదు, రెండు పెట్టుకెళ్ళండి.