ఆఫీసులో ప్రయోగాలకు చోటివ్వడం ఎలా?

"మా దగ్గర ఫ్రీడమ్ ఎక్కువ" అని చెప్పుకోవడానికి చాలా టెక్ కంపెనీలు నాలుగు బీన్ బ్యాగులు కొని ఊరుకుంటాయి. ఆర్నెల్లు తిరిగేసరికి వాటి మీద ల్యాప్‌టాప్ బ్యాగులు పేరుకుపోతాయి, కొత్త ప్రొడక్టు మాత్రం ఒక్కటీ ఉండదు. చేసే పద్ధతి వేరు.

కావలసినవి: కస్టమర్ల డేటాకు, చెల్లింపులకు ఏ సంబంధం లేని టెస్ట్ సర్వర్, కొద్దిపాటి క్లౌడ్ బడ్జెట్, అందరూ తెరిచి చూడగల ఒక డాక్యుమెంట్. ఇంతే. దీనికోసం కొత్త టూల్ ఏదీ కొనకండి.

1. వారానికి ఒక పూట కేటాయించండి. గురువారం మధ్యాహ్నమే పెట్టండి. శుక్రవారం పనికిరాదు, ఆ పూట సగంమంది మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. అమెరికాలోని 3ఎం కంపెనీలో పని వేళల్లో 15 శాతం సొంత ఆలోచనల మీద పెట్టే పద్ధతి 1948 నుంచీ ఉంది. గూగుల్ స్థాపకులు 2004లో ఇన్వెస్టర్లకు రాసిన లేఖలో 20 శాతం అన్నారు. శాతం ఎంతైనా పెట్టుకోండి గానీ క్యాలెండర్‌లో గంటలుగా రాయండి. లేదంటే అది ఆదివారం మీద పడుతుంది.

ఏడాదికోసారి హ్యాకథాన్ (అందరూ కూర్చుని ఏకబిగిన కొత్త ఐడియాలకు నమూనాలు కట్టే కార్యక్రమం) పెడితే చాలదా అని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. చాలదు. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2007లో హ్యాకథాన్‌లోనే మొదలైంది, ఒప్పుకుంటాను. జనం చేతికి వచ్చింది మాత్రం 2009 ఫిబ్రవరిలో. మధ్యలో దాన్ని పట్టుకు వేలాడిన రోజుల గురించి ఎవరూ మాట్లాడరు. ఒక్క రాత్రి మేలుకుంటే డెమో వస్తుంది, ప్రొడక్టు రాదు.

2. ఇద్దరిద్దరుగా పని చేయండి. మూడో మనిషి చేరితే అది మీటింగే. ఐడియాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్లైడ్లు వద్దు, నడిచే ముక్క ఏదైనా ఉంటే చూపించండి.

3. ఆపడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఎప్పుడు ఆపాలో మొదటి లైను కోడ్ రాయకముందే రాసి పెట్టుకోవాలి. సపోర్ట్ టికెట్లను, అంటే కస్టమర్లు సాయం కోరుతూ పంపే ఫిర్యాదులను, వాటంతటవే సరైన విభాగానికి పంపే ప్రయోగం అనుకోండి. డాక్యుమెంట్‌లో ఇలా ఉండాలి: "నాలుగు గురువారాలు. 200 పాత టికెట్ల మీద పరీక్ష. పదింటిలో ఎనిమిది సరైన చోటికి వెళ్లకపోతే ఆపేస్తాం." నాలుగో గురువారం వస్తుంది. పదింటిలో ఆరే వెళ్తున్నాయి. అప్పుడు ఇద్దరిలో ఒకరు "డేటా కాస్త శుభ్రం చేస్తే ఎనిమిది దాటుతుంది, ఇంకో రెండు వారాలు చాలు" అంటారు. ఒప్పుకోకండి. అంత నమ్మకముంటే కొత్త పేజీ తెరిచి, కొత్త గడువుతో మళ్లీ మొదలుపెట్టమనండి.

ఆపుతున్నామని ఆ ఇద్దరే చెప్పాలి, మేనేజర్ చెప్పకూడదు. మేనేజర్ నోట "టైమ్ వేస్ట్" అన్న మాట ఒక్కసారి వచ్చిందా, వచ్చే గురువారం అందరూ బుద్ధిగా పాత బగ్గులు సరిచేస్తూ కనిపిస్తారు. అప్రైజల్ ఫారంలో కూడా ఆపిన ప్రయోగానికి ఒక వరుస ఉండాలి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ అనే ప్రయోగశాలలో (ట్విట్టర్ ఎక్స్ కాదు) సముద్రపు నీటి నుంచి ఇంధనం తీసే ఫాగ్‌హార్న్ ప్రాజెక్టు సాంకేతికంగా పనిచేసింది, ఖర్చు మాత్రం గిట్టుబాటు కాలేదు. ఆ టీమే దాన్ని ఆపేసింది, అందుకు బోనస్ కూడా అందుకుంది. మీరు బోనస్ ఇవ్వలేకపోతే పోనీయండి, రేటింగ్ తగ్గించకపోతే చాలు.

ఆపిన రోజే అరపేజీ రాయించండి: ఏం చేశాం, ఎక్కడ తేడా కొట్టింది, ఏం మారితే మళ్లీ చూడొచ్చు. 3ఎంలో స్పెన్సర్ సిల్వర్ 1968లో కనుక్కున్న జిగురు గట్టిగా అంటుకునేది కాదు. ఆయన దాని గురించి కంపెనీలో అందరికీ చెబుతూ తిరిగాడు. అలా విన్న ఆర్ట్ ఫ్రై 1974లో, పాటల పుస్తకంలోంచి జారిపోతున్న గుర్తు చీటీలకు ఆ జిగురు సరిపోతుందనుకున్నాడు. 1980కల్లా పోస్ట్-ఇట్ (అంటించి మళ్లీ తీసేయగల చీటీలు) అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది. మీ ఆఫీసులో సిల్వర్‌లా చెబుతూ తిరిగే మనిషి ఉండకపోవచ్చు, అందుకే అరపేజీ. రాశాక టెస్ట్ సర్వర్ కూడా ఆపేయండి. మర్చిపోతే బిల్లు వస్తూనే ఉంటుంది.

4. నెగ్గిన ప్రయోగాన్ని గురువారాల్లోనే నానబెట్టకండి. ఒక టీముకు అప్పగించండి, ప్రయోగం కోడ్ పారేసి మళ్లీ రాయించండి. అర్ధరాత్రి అది పడిపోతే ఎవరి ఫోన్ మోగాలో ఆ పేరు రాసి ఉన్నాకే లైవ్‌కి పంపండి.