సొంతంగా సైకాలజీ – 4వ పాఠం: గాలి హోరుకి వణికే పాప

1879లో వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టడంతో మొదలుపెట్టి గత మూడు పాఠాల్లో మాస్లో దాకా వచ్చాం. పేర్లు, సంవత్సరాలు మీ నోట్సులో ఉన్నాయి. టెట్‌కి, డీఎస్సీకి అవి కావాలి. కానీ వాట్సన్‌కీ ప్రవర్తనావాదానికీ గీత గీసి జతపరిచినంత మాత్రాన సైకాలజీ వచ్చినట్టు కాదు. ఒక్కో వాదం ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఎదురుగా ఉన్న పిల్లని చూస్తూ ఆ ప్రశ్న వేయడం ఇవాళ నేర్చుకుందాం.

ఉదాహరణ మన శ్రీకాకుళం జిల్లాదే తీసుకుందాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అప్పటికి నాలుగేళ్లున్న ఒక పాపని ఊహించుకోండి. ఇప్పుడు హైస్కూల్లో ఉంది. గాలి కాస్త గట్టిగా వీస్తే చెవులు మూసుకుంటుంది, చెమటలు పట్టేస్తాయి, ఏడుస్తుంది. టీచరు జాలిపడి "బేగి ఇంటికెళ్లిపోమ్మా" అని పంపేస్తారు.

ప్రవర్తనావాది ప్రశ్న: ఈ భయాన్ని ఎలా నేర్చుకుంది, ఏది దాన్ని నిలబెడుతోంది? మొదటి సగానికి జవాబు పావ్లోవ్ దగ్గర ఉంది. తుఫానుకి ముందు గాలి చప్పుడు పాపకి ఉత్త చప్పుడే, అంటే తటస్థ ఉద్దీపన. ఆ రాత్రి రేకులు ఎగిరిపోయిన మోత, అమ్మ కేకలు దానితో కలిసిపోయాయి. ఇప్పుడు గాలి ఒక్కటే చాలు, భయం వచ్చేస్తుంది. 1920లో వాట్సన్, రేనర్ కలిసి ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసింది ఇదే. తెల్ల ఎలుకని చూపిస్తూ వెనకనుంచి ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. తర్వాత వాడు కుందేలుని, బొచ్చు కోటుని చూసినా జడిశాడు. అది సామాన్యీకరణం. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లాణ్ని వదిలేశారు. ఎంత పేరున్న ప్రయోగమైనా అది తప్పే.

రెండో సగం ఇంకా ముఖ్యం. అన్నేళ్లయినా భయం ఎందుకు పోలేదు? ఇంటికి పంపగానే పాప గుండె దడ తగ్గుతుంది. బాధ తొలగింది కాబట్టి ఈసారి గాలి వీచినప్పుడు ఇంకా త్వరగా ఏడుస్తుంది. స్కిన్నర్ చెప్పిన రుణాత్మక పునర్బలనం ఇదే. చాలామంది దీన్ని దండన అనుకుంటారు. దండన వల్ల ప్రవర్తన తగ్గుతుంది. రుణాత్మక పునర్బలనం వల్ల పెరుగుతుంది, ఇబ్బంది పెట్టేది తొలగిపోతుంది కాబట్టి. టీచరు మంచి మనసుతో చేసిన పనే భయానికి ఎరువు వేసింది. దీనికి మార్గం మేరీ కవర్ జోన్స్ 1924లో చూపించారు. కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలుని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. మన పాపనీ క్లాసులోనే, పక్కన స్నేహితురాలిని కూర్చోబెట్టి, చిరుగాలి నుంచి అలవాటు చేయవచ్చు.

సంజ్ఞానవాది, అంటే ఆలోచన ఎలా సాగుతుందో చూసేవాడు, అడిగేది వేరు: ఆ రాత్రిని పాప ఎలా అర్థం చేసుకుంది? పియాజే లెక్కలో నాలుగేళ్లంటే పూర్వ ప్రచాలక దశ. ఆ వయసు పిల్లలకి గాలికీ చెట్టుకీ ప్రాణం ఉన్నట్టు తోస్తుంది, అన్నీ తమ చుట్టూ జరుగుతున్నట్టు అనిపిస్తుంది. నేను అల్లరి చేసినందుకే గాలికి కోపం వచ్చిందని అనుకుని ఉంటే? ఆ లెక్క లోపలే ఉండిపోతే, ఎంత అలవాటు చేసినా భయం కొంత మిగులుతుంది. అడిగి తెలుసుకోవాలి.

మనసు లోతుల్లో దాగిన కారణాల కోసం చూసే మనోవిశ్లేషణవాది గాలిని వదిలేసి ఇంకోచోట వెతుకుతాడు. గుర్రాలంటే హడలిపోయిన చిన్న హాన్స్ భయం అసలు తండ్రి గురించేనని ఫ్రాయిడ్ 1909లో రాశాడు. పాప నాన్న చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి రాకపోతే, బెంగంతా గాలి మీదకి మళ్లిందా? ఈ ప్రశ్న పనికొస్తుంది. కానీ ఈ జవాబుని పరీక్షించి తేల్చడం కష్టం, అందుకే నేను దీన్ని చివర్లో అడుగుతాను.

మాస్లో 1943లో చెప్పిన భద్రతా అవసరం ఇక్కడ మాటల్లో తీరేది కాదు. ఇంటికి ఇంకా రేకులే ఉంటే పాప భయంలో న్యాయం ఉంది. ముందు ఆ మాట ఒప్పుకోండి, అప్పుడే మీతో మనసు విప్పుతుంది. రోజర్స్ అడిగిన షరతులు లేని ఆదరణ అదే. ఇక జీవశాస్త్ర దృక్పథం చెమట, దడ, మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా గురించి మాట్లాడుతుంది. అనుభవాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి చూసే సంరచనావాదానికి ఇక్కడ పెద్దగా పని లేదు. వాళ్ల అంతఃపరిశీలన, అంటే తన మనసులో జరిగేది తానే గమనించి చెప్పడం, శిక్షణ పొందిన పెద్దవాళ్లతోనే సాగేది.

ఇప్పుడు మీ వంతు. బోర్డు దగ్గరికి పిలిస్తే నోరు పెగలని పిల్లాడు మీకు తెలిసే ఉంటాడు. ముందు కళ్లతో చూసిందే రాయండి. 'మొండి', 'మొద్దు' లాంటివి పడితే కొట్టేయండి. తర్వాత నాలుగు వాదాల తరఫున ఒక్కో ప్రశ్న రాయండి, జవాబులు వద్దు. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో కోహ్లర్ చింపాంజీలతో గెస్టాల్ట్ వాదం (భాగాల్ని కాదు, మొత్తాన్ని చూడాలనేది) అడిగే ప్రశ్నని కూడా దానికి చేరుద్దాం.