పాత కంప్యూటర్ మనమే బాగుచేసుకుందాం – 3: డిస్క్ పెట్టినా బూట్ కాకపోతే

పోయిన భాగంలో ర్యామ్ తీసి తుడిచి పెట్టడం, బీప్‌లు వినడం చూశాం. ఇప్పుడు మానిటర్ మీద బొమ్మ వస్తోంది, కానీ విండోస్ వేద్దామని సీడీ లేదా డీవీడీ డిస్క్ పెడితే దాన్ని పట్టించుకోకుండా నేరుగా హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లిపోతోంది. వెంటనే "డ్రైవ్ పోయిందండీ, కొత్తది వేయించండి" అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఆగండి, పైసా ఖర్చు లేనివి ముందు చూద్దాం.

అదే డిస్క్‌ను బాగా పనిచేసే ఇంకో కంప్యూటర్లో పెట్టి బూట్ చేయండి, అంటే ఆ డిస్క్ నుంచే కంప్యూటర్ మొదలయ్యేలా చూడండి. అక్కడా కాకపోతే మీ సిస్టమ్‌ని తిట్టి లాభం లేదు. డిస్క్ తెరిస్తే ఐఎస్‌ఓ ఫైల్ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసిన కాపీ) ఒక్కటే కనిపిస్తోందా? దాన్ని మామూలు ఫైల్‌లా కాపీ చేశారన్నమాట, అది ఎప్పటికీ బూట్ కాదు. 'బర్న్ ఇమేజ్' ఆప్షన్‌తో, తక్కువ స్పీడులో మళ్లీ రాయాలి. ఇంకో సంగతి, సీడీలో పట్టేది 700 ఎంబీ, డీవీడీలో 4.7 జీబీ. మీది ఉత్త సీడీ డ్రైవ్ అయితే అందులో డీవీడీ పెట్టి ఎంతసేపు కూర్చున్నా చదవదు. ట్రే ముందు భాగంలో డీవీడీ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

డిస్క్ మంచిదే అని తేలితే బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్దాం. ఆన్ చేయగానే అసెంబుల్డ్ సిస్టమ్‌లో ఎక్కువగా డిలీట్, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో సాధారణంగా ఎఫ్10 నొక్కుతూ ఉండాలి. అక్కడ డ్రైవ్ పేరు కనబడుతోందా? కనబడితే బూట్ ఆర్డర్‌లో (దేన్ని ముందు చూడాలన్న వరసలో) దాన్ని హార్డ్‌డిస్క్ కంటే పైకి తెచ్చి సేవ్ చేయండి. కనబడకపోతే కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. వెడల్పాటి పట్టీ కేబుల్ ఉన్న పాత ఐడీఈ రకమైతే డ్రైవ్ వెనక జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) కూడా చూడాలి, ఒకే కేబుల్ మీద ఉన్న రెండు డ్రైవులూ 'మాస్టర్' (మొదటిది)గా పెట్టి ఉంటే ఒకటో రెండూనో మాయమవుతాయి.

సేవ్ చేసినా స్విచ్ బోర్డు కట్టేసి మళ్లీ వేసేసరికి పాత ఆర్డరే వస్తోందా, తేదీ కూడా ఎన్నో ఏళ్ల వెనక్కి పోయిందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్ అయిపోయింది. వాచీలు బాగుచేసే కొట్లోనూ దొరుకుతుంది.

చాలామంది బోల్తాపడేది ఇక్కడ: "ప్రెస్ ఎనీ కీ టు బూట్ ఫ్రమ్ సీడీ" అన్న లైను కొన్ని సెకన్లే ఉంటుంది. ఆలోపు కీ నొక్కకపోతే హార్డ్‌డిస్క్‌కి పోతుంది. నొక్కినా ఫలితం లేకపోతే, మీది యూఎస్‌బీ కీబోర్డేమో చూడండి. కొన్ని పాత బోర్డుల్లో బయోస్‌లో 'యూఎస్‌బీ కీబోర్డ్ సపోర్ట్' ఆన్ చేసేదాకా అది ఆ దశలో పలకదు. గుండ్రటి పిన్ను ఉన్న పీఎస్/2 కీబోర్డు అరువు తెచ్చుకుంటే గొడవే లేదు. 64-బిట్ విండోస్ ఈ ప్రాసెసర్‌కి పనికిరాదని మెసేజ్ వచ్చిందా? సంతోషించండి, డిస్క్ బూట్ అయినట్టే, 32-బిట్‌ది తెచ్చుకుంటే చాలు.

ఇవేవీ కాకపోతేనే డ్రైవ్‌లో, ముఖ్యంగా డిస్క్‌ని చదివే దాని లెన్సులో తేడా. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో సిస్టమ్ అంటే లెన్సు మీద ఏం పేరుకుంటుందో చెప్పక్కర్లేదు, మూత తీస్తేనే తుమ్ములు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పవర్ కేబుల్ పీకి, డ్రైవ్ కింది స్క్రూలు విప్పండి. లోపల శనగగింజంత లెన్సు కనిపిస్తుంది. ఇయర్‌బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క అద్ది, నొక్కకుండా తుడవండి. బ్లోయర్ మాత్రం లెన్సు మీదకి పెట్టొద్దు. తుడిచాక కూడా డిస్క్ గిరగిరా తిరిగి, టకటకమని ఆగిపోతుంటే లేజర్ అరిగిపోయినట్టే, ఇక రిపేరుకి డబ్బు తగలేయకుండా సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ చూసుకోండి.

నాలుగో భాగంలో పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడం, దాన్ని గుర్తించని పాత బోర్డులతో ఏం చేయాలో చూద్దాం.