పాత ఎంఎంటీఎస్ స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ ఎత్తు పెంచాలంటే

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003లో మొదలైంది గానీ, అది ఆగే స్టేషన్లలో కొన్ని నిజాం కాలం నాటివి. అలాంటి చోట హైలెవెల్ ప్లాట్‌ఫామ్ పట్టా నెత్తి నుంచి 760–840 మి.మీ. మధ్య ఉండాలి. తిన్నని లైన్‌లో కోపింగ్ (ప్లాట్‌ఫామ్ గోడ మీది అంచు పలక) అంచు ట్రాక్ మధ్యగీతకు 1670–1680 మి.మీ. దూరంలో ఉండాలి. వంపు ఉన్నచోట కాంట్ (ఒక పట్టా రెండోదానికంటే ఎత్తుగా ఉండటం) వల్ల లెక్క మారుతుంది, డ్రాయింగ్ లేకుండా ముట్టుకోకండి.

ముందు ట్రాక్ వాళ్లతో మాట్లాడండి. ప్యాకింగ్ (పట్టాల కింద కంకర కుక్కడం) చేసిన ప్రతిసారీ పట్టా కాస్త పైకి లేస్తుంది, ప్లాట్‌ఫామ్ ఆ మేరకు ‘కుంగుతుంది’. చాలా స్టేషన్లలో అసలు జబ్బు ఇదే. కంకర జల్లెడ పట్టే పని బాకీ ఉంటే అది అయ్యాకే మీ పని పెట్టుకోండి.

తర్వాత 5 మీటర్లకో చోట పట్టా మీద రసమట్టం పెట్టి ఎత్తు, దూరం రాసుకోండి. ఎక్కడైనా 700 వచ్చిందనుకుందాం. గురి 830 పెట్టుకోండి, అంటే 130 పెంచాలి. 840కే గురిపెడితే మేస్త్రీ చేయి కాస్త జారినా హద్దు దాటుతుంది.

ప్లాట్‌ఫామ్ గోడకు తూగుగుండు వేలాడదీసి చూడండి. ట్రాక్ వైపు ఉబ్బి ఉంటే దాని మీద ఎత్తు కట్టకూడదు. కొత్త మట్టి తోపుడు కూడా ఆ గోడే మోయాలి. గోడ బాగుంటే, బ్లాక్ (ఆ లైన్‌లో రైళ్లు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని పాత కోపింగ్ ఊడదీసి, 12 మి.మీ. కడ్డీలు ఎపాక్సీతో దిగగొట్టి, పైన కాంక్రీట్ పట్టీ పోయాలి. వెనక మట్టిని 150 మి.మీ. పొరలుగా తడిపి దిమ్మిస కొట్టండి. ఒకేసారి నింపితే మొదటి వానకే పలకలు కుంగుతాయి. పైతలం ట్రాక్ నుంచి అవతలికి 60కి 1 వాలు. ఆ నీళ్లు నేరుగా వెయిటింగ్ హాల్ గుమ్మంలోకి పోతాయి కాబట్టి గోడ ముందు కాలువ తప్పదు.

ఎక్కువ మంది మరిచేది ఫుట్‌ఓవర్ బ్రిడ్జి. మెట్టు ఎత్తు 150 మి.మీ. అయితే, 130 పెంచాక అడుగు మెట్టు 20 మి.మీ.కు మిగులుతుంది. రద్దీలో కంటికి ఆనదు, కాలికి మాత్రం తగులుతుంది. మెట్ల పాదం దగ్గర మరో 20 మి.మీ. లేపి, 1.2 మీటర్ల దూరంలో అదే 60కి 1 వాలుతో కలిపేయండి. అడుగు మెట్టు పూర్తిగా మాయమవుతుంది, మిగతావన్నీ సమానంగా ఉంటాయి, నీళ్లూ నిలవవు.

బ్రిడ్జి ఉక్కు స్తంభాలు, ఓహెచ్‌ఈ మాస్ట్‌ల (రైళ్లకు కరెంటిచ్చే పైతీగల స్తంభాల) పాదాలు మట్టిలో కప్పబడిపోతే బోల్టులు లోలోపలే తుప్పు పడతాయి. వాటిని గీకి, రంగు వేసి, కొత్త తలం మీదకు 150 మి.మీ. దాకా కాంక్రీట్ దిమ్మె పోయండి. దిమ్మె నెత్తిన వాలు ఉండాలి, లేకపోతే అక్కడే నీటి మడుగు కడుతుంది.

బ్లాక్ వదిలే ముందు ప్రతి 5 మీటర్లకూ మళ్లీ కొలవండి. ఒక్క చోట 1670 లోపు వచ్చినా లైన్ ఇవ్వకూడదు. చివరగా, ప్లాట్‌ఫామ్ గోడ మీద పట్టా ఉండాల్సిన మట్టానికి పసుపు గీత గీసి, ట్రాక్ వాళ్లకు చూపించి ఆ కొలతలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ గీత లేని చోట, రెండు మూడు ప్యాకింగ్‌లయ్యాక మళ్లీ ఇదే పని పడుతుంది.