కట్టల లెక్క: లాయరు ఆఫీసుకి షీట్‌లో డాష్‌బోర్డు, 4వ పాఠం – వాయిదా లేని కట్టలు

పాతిక కట్టలు, అంటే కేసు ఫైళ్లు, రిజిస్టరు షీట్‌లోకి ఎక్కించి రమ్మని కిందటి పాఠంలో చెప్పాను. ఎక్కించినవాళ్లు షీటు తెరిచి పెట్టుకోండి. ఎక్కించనివాళ్లు ముందు ఆ పని చూసుకుని రండి. ఖాళీ రిజిస్టరు మీద బోర్డు కట్టడమంటే నీళ్లు రాని కాలవకి లాకులు కట్టడమే.

బోర్డు అంటే ఏమిటో మన డెల్టా వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆగస్టులో గోదారి పొంగితే లంకల్లో వాళ్లు అడిగేది ఒక్కటే ప్రశ్న. "ధవళేశ్వరంలో ఎంతుందండీ?" అక్కడి బ్యారేజీ దగ్గర నీళ్లు 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. ఆ అంకె విని గొడ్లను గట్టెక్కించాలో, ఇంకో రోజు ఆగొచ్చో తేల్చుకుంటారు. మన ఆఫీసు బోర్డు కూడా అలాగే ఉండాలి. పొద్దున్నే తొమ్మిదిన్నరకి, కోర్టుకి బయల్దేరే ముందు ఒకసారి చూస్తే ఏ కట్ట తీయాలో తెలిసిపోవాలి. తెలియలేదంటే అది ఎన్ని రంగులున్నా గోడకి తగిలించిన క్యాలెండరే.

"మేడమ్ గారూ, గెలిచిన కేసుల శాతం ఎప్పుడు చేయిస్తారు?" అని కిందటి పాఠం తరవాత ఒకాయన అడిగారు. చేయించను. లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసుని గెలుపు కింద రాస్తారా, ఓటమి కింద రాస్తారా? ఎదటివాళ్లు కబురు పెట్టి సగం డబ్బు కట్టేస్తే? పైగా ఆ అంకెని పేపర్లో వేయించుకుందామా అంటే, ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉండనే ఉంది. కాబట్టి దాని సంగతి వదిలేద్దాం.

ఈ రోజు మనకి కావలసినవి నాలుగే అంకెలు. నడుస్తున్న కట్టలు మొత్తం ఎన్ని, వాటిలో వాయిదా ముందున్నవి ఎన్ని, వాయిదా తేదీ దాటిపోయినా కొత్త తేదీ ఎక్కనివి ఎన్ని, అసలు వాయిదాయే లేనివి ఎన్ని. పాఠమంతా ఆ నాలుగో అంకె కోసమే.

ఎందుకో చెబుతాను. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో, పేరెందుకు గానీ, ఒక ఆఫీసులో పాత ఓ.ఎస్., అంటే సివిల్ దావా, ఒకటి ఉండేది. ప్రామిసరీ నోటు దావా. ఆ రోజు జడ్జిగారు సెలవు. వాయిదా తేదీ తరవాత కనుక్కుందామని గుమాస్తా గారు డైరీలో ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఆ తరవాత అందరం మర్చిపోయాం. ఖాళీ గడి డైరీలో ఏ పేజీలోనూ ఉండదు కదా, గుర్తు చేసేదెవరు? రెండు వాయిదాలకి ఎవరూ హాజరు కాలేదని కేసు డిఫాల్టు కింద కొట్టేశారు. పునరుద్ధరణకి 30 రోజుల్లో అర్జీ వేసుకోవాలి. ఆ 30 రోజుల్లో 22 అప్పటికే అయిపోయాయి. పార్టీ దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పిన సాయంత్రం పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

సరే, పనిలోకి వద్దాం. ఏఐని ఏదైనా అడిగే ముందు రిజిస్టరులో రెండు జబ్బులు వదిలించాలి.

మొదటి జబ్బు తేదీలది. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి, సెట్టింగ్స్‌లో లొకేల్, అంటే ఏ దేశం పద్ధతి, ఏముందో చూడండి. అమెరికా అని ఉంటే కొంప మునిగినట్టే. మీరు ఆగస్టు 5 అనుకుని 05/08/2025 అని కొడతారు, షీటు దాన్ని మే 8 అనుకుంటుంది. ఆగస్టు 13 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాలుగా పెట్టుకుంటుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తప్పు తేదీలు, కొన్ని అసలు తేదీలే కానివి. పైకి మాత్రం అన్నీ బుద్ధిగానే కనిపిస్తాయి. లొకేల్ ఇండియాకి మార్చండి. మార్చినంత మాత్రాన పాతవి బాగుపడవు, వాటిని మళ్లీ కొట్టుకోవాల్సిందే. కోర్టు కాగితాల అలవాటుకొద్దీ 13.08.2025 అని చుక్కలు పెట్టి కొట్టినా చాలాసార్లు అది అక్షరాల కిందే పోతుంది. గుర్తుపట్టడం తేలిక. మీరు అలైన్‌మెంట్ ముట్టుకోకపోతే నిజం తేదీ గడిలో కుడి పక్కకి ఒదుగుతుంది, అక్షరం ఎడమ పక్కకి. ఆ కాలమ్‌కి డేటా వాలిడేషన్‌లో "తేదీ మాత్రమే" అనే నియమం పెట్టి, తప్పు కొడితే తీసుకోవద్దని టిక్ చేయండి.

రెండో జబ్బు తెలుగులో రాసుకునే మనకే ప్రత్యేకం. స్థితి కాలమ్‌లో మీరు "నడుస్తోంది" అని రాస్తారు, గుమాస్తా గారు "నడుస్తుంది" అని రాస్తారు. మనకి రెండూ ఒకటే. షీటుకి వేరు వేరు. ఇంకా చిత్రం ఏమిటంటే, "ఎగ్జిక్యూషన్‌లో" అని ఇద్దరు అచ్చంగా ఒకేలా రాసినా లెక్కలో వేరుగా రావచ్చు. కొన్ని కీబోర్డులు పొల్లు తరవాత కంటికి కనబడని ఒక అక్షరాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. నేను దీంతో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా తల బాదుకున్నాను. మందు ఏమిటంటే స్థితి కాలమ్‌లో ఎవరూ చేత్తో కొట్టకూడదు. డ్రాప్‌డౌన్ పెట్టి న, ము, రా అని మూడే ఇవ్వండి. నడుస్తున్నది, ముగిసింది, రాజీ.

ఇప్పుడు ఏఐ దగ్గరికి. చాట్‌జీపీటీ అయినా జెమిని అయినా పద్ధతి ఒకటే. రెండో పాఠంలో చెప్పిన మాట మళ్లీ చెబుతున్నాను, పార్టీల పేర్లున్న షీటుని దానికి ఎక్కించకండి. పార్టీ మనతో చెప్పుకున్నది బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతోంది. ఏఐకి ఆ పేర్లతో పనే లేదు. కాలమ్ శీర్షికలు చెబితే చాలు. ఇలా అడగండి:

"గూగుల్ షీట్స్‌లో నాకు రిజిస్టరు అనే షీటు ఉంది. మొదటి వరసలో శీర్షికలు. ఎఫ్ కాలమ్‌లో తరువాతి వాయిదా తేదీ, కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. జి కాలమ్‌లో స్థితి: న, ము, రా. స్థితి న ఉన్నవి మొత్తం ఎన్ని, వాటిలో వాయిదా ఈ రోజు గానీ ఈ రోజు తరవాత గానీ ఉన్నవి ఎన్ని, ఈ రోజుకి ముందే దాటిపోయినవి ఎన్ని, ఖాళీగా ఉన్నవి ఎన్ని? నాలుగింటికి నాలుగు ఫార్ములాలు ఇవ్వు. వరసలు పెరుగుతూ ఉంటాయి. ఒక్కో ఫార్ములా ఏం చేస్తుందో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పు."

"ఈ రోజు గానీ" అన్న ముక్క నేను ఊరికే పెట్టలేదు. మొదట్లో "ముందున్నవి, దాటిపోయినవి" అని మాత్రమే అడిగాను. అది ఈ రోజు కంటే ఎక్కువ అని ఒకటి, ఈ రోజు కంటే తక్కువ అని ఒకటి ఇచ్చింది. సరిగ్గా ఈ రోజు వాయిదా ఉన్న కట్టలు రెండింటిలోనూ లేవు! ఏ కట్టలు చంకన పెట్టుకుని కోర్టుకి వెళ్లాలో అవే మాయం. తప్పు దానిది కాదు, నేను అడిగిన తీరుది.

అది కౌంట్‌ఇఫ్స్ అనే, షరతులకి సరిపోయిన వరసలను లెక్కపెట్టే ఫార్ములాతో జవాబిస్తుంది. దాని స్వభావం ఒకటి తెలుసుకోండి. "ఈ రోజు కంటే తక్కువ" అని లెక్కపెట్టేటప్పుడు అది ఖాళీ గడులను పట్టించుకోదు. అందుకే ఖాళీలకి విడిగా నాలుగో ఫార్ములా అడిగాం. ఆ నాలుగోది లేకుండా బోర్డు చేసుకున్నవాళ్లకి అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది, నా ప్రామిసరీ నోటు దావా కనిపించినంత ప్రశాంతంగా.

ఫార్ములాలు బోర్డు షీట్‌లో అతికించాక వెంటనే నమ్మకండి. నా పాతిక కట్టల లెక్క చెబుతాను. చేత్తో లెక్కపెడితే నడుస్తున్నవి 19, ముగిసినవి 4, రాజీ 2. ఆ 19లో ముందున్నవి 13, దాటిపోయినవి 3, ఖాళీ 3. బోర్డు మాత్రం 11, 2, 3 అంది. కూడితే 16. మిగతా మూడు ఏమయ్యాయి? వాటిలో రెండు, చుక్కలు పెట్టి కొట్టిన తేదీలు. మూడోదాంట్లో గుమాస్తా గారు "సెలవుల తరవాత" అని రాశారు. మే సెలవులకి ముందు అలా రాయడం ఆయనకి ముప్పై ఏళ్ల అలవాటు. "మరేం రాయమంటారండీ, వాళ్లు తేదీ చెప్పలేదు కదండీ" అన్నారు. ఖాళీగా ఉంచమన్నాను. "ఆయ్, ఖాళీగా ఉంచితే తిడతారు కదండీ మీరు!" నిజమే. ఇకనుంచి తిట్టనని మాటిచ్చాను, ఎందుకంటే ఖాళీని ఇప్పుడు బోర్డు చూసుకుంటుంది.

కాబట్టి ఐదో గడి ఒకటి పెట్టండి. నడుస్తున్న మొత్తంలోంచి ఆ మూడూ తీసేస్తే ఎంత? సున్నా రావాలి. ఏ రోజైనా సున్నా రాలేదంటే ఆ రోజు బోర్డులోని మిగతా అంకెలు చూడకండి, ముందు ఆ తేడా వెతకండి.

ఖాళీ కట్టలు తేలాక ఏం చేయాలి? ఒక్కోదాని సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే నంబరు, తీసి ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టండి. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి, చివరి నాలుగూ సంవత్సరం. తరువాతి తేదీ అందులోనే దొరుకుతుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం అని బెంచ్ క్లర్కుల చుట్టూ తిరగక్కర్లేదు. అక్కడా తేదీ కనబడకపోతే అప్పుడు కోర్టుకి వెళ్లండి.

ఇక గడువులు. వాయిదా వేరు, గడువు వేరు. వాయిదా కోర్టు ఇస్తుంది, గడువు చట్టం పెడుతుంది. మన వైపు చెక్ బౌన్స్ కేసులు ఎక్కువ, అందులోనూ చేపల చెరువుల మేత బాకీలవి. అందుకని ఆ ఉదాహరణే తీసుకుందాం. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు. కట్టకపోతే అక్కడి నుంచి ఒక నెలలో కంప్లైంటు వేయాలి. ఈ మూడో గడువుకి ఫార్ములా అడిగితే ఏఐ నిశ్చింతగా 30 కలిపి ఇవ్వొచ్చు. చట్టంలో ఉన్నది నెల, 30 రోజులు కాదు. 2026 ఫిబ్రవరి 5కి 30 కలిపితే మార్చి 7 వస్తుంది, నెల కలిపితే మార్చి 5. రెండు రోజులు ఎక్కువ ఉన్నాయనుకుని కూర్చుంటే కేసు పోవచ్చు. నెలలు కలపడానికి ఈడేట్ అనే ఫార్ములా ఉంది, దాన్నే వాడమని చెప్పండి. మా ఆఫీసులో అలా వచ్చిన తేదీకి కూడా ఐదు రోజులు ముందే గడువు రాసుకుంటాం.

గడువు కాలమ్‌కి రంగులు కండిషనల్ ఫార్మాటింగ్‌లో పెట్టుకోవాలి. 30 రోజుల్లోపు ఉంటే పసుపు, 10 రోజుల్లోపు నారింజ, 3 రోజుల్లోపు ఎరుపు. మన బ్యారేజీ లెక్కలాగే మూడు హెచ్చరికలు. ఇక్కడ రెండు చిక్కులు. నియమాల్లో ఎరుపు అన్నిటికంటే పైన ఉండాలి. పసుపు పైనుంటే, 3 రోజులు కూడా 30లోపే కదా, అన్నిటికీ పసుపే పూస్తుంది. రెండోది, కౌంట్‌ఇఫ్స్ పట్టించుకోని ఖాళీ గడిని రంగు ఫార్ములా సున్నా అనుకుంటుంది, సున్నా అంటే ఎప్పుడో దాటిపోయిన గడువని ఎర్రగా పూసేస్తుంది. "గడి ఖాళీగా లేకపోతేనే" అన్న షరతు కలపమని ఏఐకి చెప్పండి.

ఫీజుల గురించి ఈసారికి ఒక్క మాటే. మాట్లాడిన ఫీజు, వచ్చిన ఫీజు, తేడా, అంతే. నెలనెలకీ గ్రాఫు గీసుకుని మార్చిలో పడిపోయిందని బెంగపడకండి. దాళ్వా కోతలయ్యేదాకా రైతు చేతిలో డబ్బాడదు. ఈ మార్చిని కిందటి మార్చితో పోల్చుకోండి, ఫిబ్రవరితో కాదు. గెలిస్తే వచ్చే సొమ్ములో ఇంత శాతం అన్న కాలమ్ మాత్రం పెట్టొద్దు. ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం నియమాలకి విరుద్ధం.

వచ్చే పాఠంలో ఒక్కో కట్ట ఒక్కో దశలో ఎన్నాళ్లు పడి ఉందో లెక్కకడదాం. అప్పటికి ఇంటిపని: డైరీ ముట్టుకోకుండా బీరువా పై అరలోంచి దుమ్ము పట్టిన కట్టలు ఐదు తీయండి. అవి రిజిస్టరులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎక్కించి, వాయిదా గడి ఖాళీగానే ఉంచి, బోర్డులో నాలుగో అంకె ఎంత పెరిగిందో రాసుకుని రండి.