గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు: డీఐఆర్ రాయించేటప్పుడు జాగ్రత్త

ఈ మధ్య కోర్టు వరండాలో ఒకావిడ కనిపించింది. డీఐఆర్ (డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్ట్, అంటే ఇంట్లో జరిగిన హింసను నమోదు చేసే నివేదిక) రాయించి పెడతానని ఎవరో ఆమె దగ్గర నాలుగు వేలు తీసుకున్నాడు. ఆ కాగితంలో ఉన్నది మూడు లైన్లు: "నా భర్త రోజూ వేధిస్తున్నాడు, కొడుతున్నాడు." మణికట్టుకు కట్టు కట్టించుకున్న ఆస్పత్రి చీటీ మాత్రం నాలుగు మడతలతో సంచి అడుగునే ఉండిపోయింది.

డీఐఆర్‌కు ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. గృహహింస చట్టం, 2005 కింద దాన్ని రాయాల్సింది రక్షణాధికారి. జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి, లేదా 181కి ఫోన్ చేయండి. రక్షణ ఉత్తర్వు కోసం మేజిస్ట్రేట్ కోర్టులో వేసే సెక్షన్ 12 పిటిషన్‌కూ వాళ్లే సాయం చేస్తారు. లాయర్ కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయం ఎంతైనా సరే, ఉచితం. పుట్టింట్లో ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు.

ఇక డీఐఆర్ సంగతి. "రోజూ కొడతాడు" అంటే సరిపోదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, దేనితో? తేదీ గుర్తులేకపోతే "దసరాకు రెండు రోజుల ముందు, రాత్రి, వంటింట్లో" అని చెప్పినా పనికొస్తుంది. దెబ్బలు ఒక్కటే హింస కాదు. తిట్లు, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, నగలు తాకట్టు పెట్టేయడం కూడా చెప్పండి. చాలామంది సిగ్గుపడి దాచేది పడకగదిలో జరిగే బలవంతం. దానికీ ఫారంలో చోటుంది. ఆస్పత్రి చీటీ, పుట్టింటివాళ్లు పెట్టిన సామాను లిస్టు జత చేయండి. చదివి వినిపించాకే సంతకం పెట్టండి, ఒక కాపీ అడిగి తీసుకోండి.

"డీఐఆర్ లేదు, పిటిషన్ తీసుకోం" అని ఎవరైనా వెనక్కి పంపితే వచ్చేయకండి. అది లేకపోయినా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకొకటి. పిటిషన్‌తో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేదాకా ఉండే తాత్కాలిక ఉత్తర్వు) అడగండి, దానికి ఫారం 3 అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే పత్రం) కావాలి. చట్టంలో 60 రోజుల్లో తేల్చాలనే ఉంది, కానీ నెలలు గడిచిపోతుంటాయి. అఫిడవిట్ చూసి, అవతలివాళ్లు రాకముందే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వగలరు. అందులో ఏం కావాలో విడివిడిగా రాయించండి: కొట్టకూడదు, ఆఫీసుకు రాకూడదు, ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, మీరు అక్కడ కాపురం చేసి ఉంటే అడగడానికి వెనకాడకండి.

"కేసు పెడితే ఆయన్ని జైల్లో వేస్తారా?" అని అందరికీ ఇదే టెన్షన్. ఈ పిటిషన్ వేసినంత మాత్రాన అరెస్టు చేయరు. రక్షణ ఉత్తర్వు వచ్చాక కూడా మీరితేనే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఉత్తర్వు కాపీ కోర్టు ఉచితంగానే ఇస్తుంది. జిరాక్సులు తీయించి ఒకటి మీ దగ్గర, ఒకటి పుట్టింట్లో ఉంచండి. మళ్లీ మీదికొస్తే అదే పట్టుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.