చలి ముదరకముందే మోవర్ బ్యాటరీ సంగతి చూడండి

ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ వైపు అరెకరం, ఎకరం స్థలంలో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల గ్యారేజీల్లో రైడింగ్ మోవర్, అంటే కూర్చుని నడిపే గడ్డి కోసే యంత్రం, ఇప్పుడు మామూలైపోయింది. అక్టోబరులో ఆఖరిసారి గడ్డి కోశాక దాన్ని ఓ మూలకు తోసేస్తాం. మళ్లీ ఏప్రిల్‌లో తాళం తిప్పితే టకటకమని ఊరుకుంటుంది. పాతబడిపోయిందనుకుని కొత్త బ్యాటరీ కొనేస్తాం. సరిగ్గా చూసుకుంటే 3 నుంచి 5 ఏళ్లు రావాల్సిన బ్యాటరీ చాలా ఇళ్లలో ముందే పోవడానికి కారణం, చార్జింగ్ తగ్గినదాన్ని నెలల తరబడి అలాగే వదిలేయడం. లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు పేరుకుని గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పట్టదు.

చలితో ఇంకో ప్రమాదం ఉంది. నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీలో ఆసిడ్ మన దగ్గరి చలికి గడ్డకట్టదు. ఖాళీ అయినదాంట్లో ఆసిడ్ పలచబడి దాదాపు నీళ్లలా ఉంటుంది, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది. పక్కలు ఉబ్బిన, గడ్డకట్టిన బ్యాటరీకి చార్జర్ గానీ, జంపర్ కేబుళ్లు గానీ పెట్టొద్దు. పేలే అవకాశం ఉంది.

అందుకే ముందు వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడండి. మోవర్ ఆపిన కొన్ని గంటల తర్వాత 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. లోపలికి చేర్చే ముందు నిండా చార్జ్ చేసి తీరాలి.

బ్యాటరీ సాధారణంగా సీటు కిందో, బానెట్ కిందో ఉంటుంది. తాళం తీసేసి, చేతి ఉంగరాలు, గాజులు, కడియం తీసి పక్కన పెట్టండి. మెడలో గొలుసు ఉంటే అదీను. గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. మైనస్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ఈ వరుస ఎందుకంటే, మోవర్ ఇనుప బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. ముందు ప్లస్ విప్పబోతే పానా రెండో కొస బాడీకి తగిలిందా, మంటలాంటి నిప్పురవ్వ లేస్తుంది, పానా క్షణంలో కాలిపోయేంత వేడెక్కుతుంది. మైనస్ ముందే తీసేస్తే ఆ గొడవే ఉండదు.

టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుంటే కప్పు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, నురగ ఆగేదాకా. మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే ఆసిడ్ పాడవుతుంది.

మూతలు తెరుచుకునే రకమైతే, ఇండియాలో ఇన్వర్టర్‌కి నీళ్లు పోసినవాళ్లకి ఈ పని కొత్తేం కాదు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. చార్జింగ్‌కి ముందు పలకలు మునిగేంత చాలు, మిగతాది చార్జింగ్ అయ్యాక. సీల్ వేసిన రకాన్ని మాత్రం బలవంతంగా తెరవొద్దు.

చార్జ్ అవుతుంటే హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దానికి దూరంగా, గాలి ఆడేచోట పెట్టండి, పిల్లల్ని అటు రానివ్వొద్దు. ఈ చిన్న బ్యాటరీకి 2 ఆంపియర్ల చార్జర్ రాత్రంతా పెడితే హాయి. కారు చార్జర్‌లోని ఇంజిన్ స్టార్ట్ సెట్టింగ్ దీని మీద వాడొద్దు. చలికాలమంతా ప్లగ్‌లో ఉంచాలంటే తనంతట తనే ఆగి మళ్లీ మొదలయ్యే బ్యాటరీ మెయింటైనర్ కొనండి. అలా ఆగని పాతరకం చార్జర్ నీళ్లన్నీ ఆవిరి చేసేస్తుంది. ఇవన్నీ మామూలు 12 వోల్టుల సీసం బ్యాటరీ గురించే. లిథియంతో నడిచే ఎలక్ట్రిక్ మోవర్‌కి కంపెనీ ఇచ్చిన చార్జర్ తప్ప ఇంకేదీ తగిలించకండి.

బ్యాటరీని కాంక్రీటు నేల మీద పెడితే చార్జింగ్ దిగిపోతుందని ఇప్పటికీ చెప్తుంటారు. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకి ఆ భయం లేదు.

ఇంత చేసినా వసంతంలో స్టార్ట్ కాకపోతే చప్పుడు వినండి. టకటకమని వరసగా కొడుతుంటే చార్జింగ్ తక్కువ, లేదా టెర్మినల్ వదులు. ఒక్కసారి టక్ మని ఆగిపోతే సోలనాయిడ్‌నో (స్టార్టర్‌కి కరెంటు పంపే స్విచ్), స్టార్టర్‌నో అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, ఆ తర్వాత సీటు, బ్రేకు, బ్లేడు స్విచ్‌లు చూడండి. బ్రేకు నొక్కకపోయినా, బ్లేడు ఆన్‌లో ఉన్నా మోవర్ స్టార్ట్ కాదు. తాళం తిప్పినప్పుడు మల్టీమీటర్ 9.6 వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనపడినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. చూపించకపోతే తప్పు బ్యాటరీది కాదు, చార్జింగ్ వ్యవస్థది. కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకి అదీ దిగిపోతుంది.

మార్చక తప్పకపోతే పాతది చెత్తబుట్టలో వేయకుండా షాపుకే తీసుకెళ్లండి, కోర్ డిపాజిట్ (పాత బ్యాటరీ తెచ్చిస్తారని కొత్తదానితో పాటు కట్టించుకునే సొమ్ము) వెనక్కిస్తారు. వెళ్లేముందు ప్లస్ ఏ పక్కన ఉందో ఫోటో తీసుకోండి. మోవర్లలో ఎక్కువగా వచ్చే యూ1 సైజులో ప్లస్ ఎడమవైపు ఉండేవీ, కుడివైపు ఉండేవీ రెండూ అమ్ముతారు. తప్పుది తెస్తే వైరు అందదు.